రాగి బిందె, బంగారు చుక్కలు

ఆ రోజుల్లో నాలో అసూయ అనేది లేదని గట్టిగా నమ్మేవాణ్ణి. ఎవరైనా నాకంటే బాగా పని చేస్తూ కనిపిస్తే నాకు కలిగేది అసూయ కాదు, శాస్త్రీయమైన అనుమానం అని నా లెక్క. డైరీలో కూడా ఆ మాటే రాసుకునేవాణ్ణి. (ఉద్యోగంలో చేరిన నాటి నుంచి ఒక్కరోజు తప్పకుండా రాసిన డైరీలు మా ఇంట్లో బీరువా కింది రెండు అరలు నింపాయి. మా ఆవిడ వాటిని 'మీ మొదటి సంసారం' అంటుంది.) మొన్న చెదలు పట్టాయేమోనని అన్నీ బయటికి తీసి దులుపుతుంటే, నా ఇరవై ఏడో ఏటి డైరీ చేతికి వచ్చింది. అందులో ఒక్క నెలలోనే 'శాస్త్రీయమైన అనుమానం' అన్న మాట పందొమ్మిది సార్లు ఉంది. (లెక్కపెట్టాను. అలవాటు పోదు.) పందొమ్మిది సార్లూ ఒకే మనిషి గురించి. ఆ కథ ఇన్నేళ్లలో ఒక్కరికి తప్ప ఎవరికీ పూర్తిగా చెప్పలేదు. మా ఆవిడకు చెప్పినప్పుడు కూడా మధ్యలో ఒక బిందెను దాచిపెట్టాను.

అప్పుడు నేను జనగామలో నీళ్లను పరీక్షించే చిన్న ప్రయోగశాలలో జూనియర్ కెమిస్టుని. ఊళ్ల నుంచి సీసాల్లో వచ్చిన బావి నీళ్లలో, బోరింగు నీళ్లలో సీసం, రాగి, జింకు లాంటి లోహాలు కరిగి ఉన్నాయా, ఉంటే ఎంత అని తేల్చడం నా పని. ఎంత అంటే, ఒక నీళ్ల ట్యాంకరులో ఆవగింజంత ఉన్నా పట్టుకోవాలి. అంత తక్కువను కంటితో చూడలేం, నాలుకతో చెప్పలేం. దానికి నా దగ్గర ఒక పాదరసం బొట్టు ఉండేది. సన్నటి గాజుగొట్టం చివర గుండుసూది తలంత బొట్టు వేలాడుతుంది. దాన్ని నీళ్లలో ముంచి తగినంత విద్యుత్తు పెడితే, నీళ్లలోని లోహాలన్నీ వచ్చి ఆ బొట్టులోకి ఎక్కి కూర్చుంటాయి. తర్వాత ఆ విద్యుత్తును మెల్లమెల్లగా వెనక్కి మార్చుకుంటూ వస్తే, బస్సులో ఎక్కినవాళ్లు ఎవరి స్టేజీలో వాళ్లు దిగినట్టు, ఒక్కో లోహం తన చోటు రాగానే దిగిపోతుంది. ముందు జింకు, తర్వాత సీసం, అన్నిటికంటే చివర రాగి. దిగేటప్పుడు కాగితం మీద పెన్ను ఒక గుట్ట గీస్తుంది. గుట్ట ఎంత ఎత్తుంటే ఆ లోహం అంత ఉన్నట్టు.

ఈ పనికి శాంతం కావాలి. పరీక్షకు ముందు నీళ్లలోకి నైట్రోజన్ వాయువు పంపి అందులోని గాలిని తరిమేయాలి. బొట్టు కదలకూడదు. వరండాలో ఎవరైనా గట్టిగా నడిచినా నా గుట్టలు వంకర పోయేవి. అందుకని నా గది ముందు 'చెప్పులు విడువుడి, నిదానముగా నడువుడి' అని రాసి పెట్టాను. సీసాలను ఆమ్లంతో మూడుసార్లు, శుద్ధమైన నీళ్లతో ఐదుసార్లు కడిగేవాణ్ణి. మా డ్రైవర్ చాచా రోజూ పొద్దున గుమ్మంలో నిలబడి, "సాబ్, మీ సీసాల స్నానం అయ్యిందా, పూజకు కూసున్నయా?" అని అడిగేవాడు. ఆఫీసులో నన్ను పాదరసం సారు అనేవాళ్లు. (అంత చురుకైనవాణ్ణని కాదు. అంత నెమ్మదిగా ఉండేవాడికి ఆ పేరు పెట్టడంలో చాచా ప్రతిభ ఉంది.) ఒక నమూనా ఫలితం చెప్పడానికి నాకు రెండు వారాలు పట్టేది. ఆ రెండు వారాలూ నాకు గర్వకారణం.

అలాంటి నా రాజ్యంలోకి ఒకరోజు మా పెద్దసారు, అంటే ప్రయోగశాల అధికారి, ఒక కుర్రాణ్ణి వెంటబెట్టుకుని వచ్చారు. హైదరాబాదులో పరిశోధన చేస్తున్నాడట. చేతిలో టిఫిన్ క్యారియరు కంటే కొంచెం పెద్ద పెట్టె. అందులో బొటనవేలి గోరంత పలక, దాని మీద వరసలు వరసలుగా బంగారు చుక్కలు, కొన్ని వందలు. ఒక్కొక్కటి తల వెంట్రుక కంటే సన్నం. ఒక్క చుక్క ఇచ్చే విద్యుత్తు లెక్కలోకి రాదు, అన్నీ కలిసి ఇస్తే చక్కగా కొలవొచ్చు అని అతను చెప్పాడు. చుక్కలు అంత చిన్నవి కాబట్టి నీళ్లు కదిలినా పర్వాలేదు, నైట్రోజన్ అక్కర్లేదు, పాదరసం అసలే అక్కర్లేదు. జీపులో పెట్టుకుని ఊరికి పోయి, బోరింగు పక్కనే కూర్చుని, పదిహేను నిమిషాల్లో ఫలితం చెప్పొచ్చు. పెద్దసారు ఆ పలకను, మనవణ్ణి మొదటిసారి చూసినట్టు చూశారు. తర్వాత నా వైపు తిరిగి, జనగామ, మహబూబాబాద్, భూపాలపల్లి చుట్టుపక్కల ఊళ్లలో ఒక సర్వే చేస్తామనీ, ప్రతిచోటా ఇద్దరం నీళ్లు పట్టాలనీ, అతను అక్కడికక్కడే, నేను ఇక్కడికి తెచ్చి పరీక్షించాలనీ చెప్పారు. పెట్టె సరిగ్గా చెప్తుందని తేలితే పాదరసం గదికి తాళం. నన్ను బ్లీచింగ్ పౌడర్ పరీక్షలకు మారుస్తారు. పెట్టె తప్పు చెప్తే దాన్ని హైదరాబాదుకు తిప్పి పంపుతారు. "నీకు కోపం లేదు కద?" అని అడిగారు. లేదని చెప్పాను. డైరీలో మొదటి 'శాస్త్రీయమైన అనుమానం' ఆ సాయంత్రానిదే.

ఆ కుర్రాడు చెడ్డవాడైతే నాకు ఎంత సుఖంగా ఉండేదో. కాడు. మొదటి రోజే నన్ను 'అన్నా' అన్నాడు. నా గది ముందు చెప్పులు విడిచాడు, నిదానంగా నడిచాడు. నేను గీసిన గుట్టల కాగితాలు చూసి, ఇంత నున్నగా మా దగ్గర ఎవరికీ రావు అన్నాడు. (మెచ్చుకుంటే అసూయ తగ్గుతుందని ఎవరో అనగా విన్నాను. నాకు పెరిగింది.) చుక్కల సారు అన్న పేరు రెండో రోజుకే స్థిరపడింది. మా ఆవిడ, అప్పటికి మా పెళ్లయి ఎనిమిది నెలలు, చుక్కల సారును భోజనానికి ఎప్పుడు పిలుస్తారని రెండుసార్లు అడిగింది. అతనికి పచ్చిపులుసు ఇష్టమని ఆమెకు ఎలా తెలిసిందో ఇప్పటికీ తెలియదు. ఒకరోజు అతను హోటలుకు పోయినప్పుడు నేను భూతద్దం పెట్టి ఆ చుక్కలు లెక్కపెట్టాను. అతను చెప్పిన సంఖ్యలో ఒక్కటి తగ్గినా పెద్దసారుకు చెబుదామని. నూట నలభై దాకా వచ్చి తప్పాను. మళ్లీ మొదలుపెట్టాను. రెండోసారి తొంభై దగ్గర ఉండగా అతను తిరిగొచ్చి, "అన్నా, నీకు సూక్ష్మదర్శిని కింద చూపిస్త, మంచిగ కనిపిస్తయ్," అని ఎంతో సంతోషంగా అన్నాడు.

మొదటి మకాం కొడకండ్ల వైపు ఒక ఊరు. అతను బోరింగు పక్కన పెట్టె తెరవగానే ఊరంతా చుట్టూ చేరింది. చిన్న తెర మీద గుట్టలు లేస్తుంటే ఇది సీసం, ఇది రాగి, మీ నీళ్లు మంచివే అని చెప్తున్నాడు. నా పక్కన మాత్రం ఒక్క ముసలాయన నిలబడి, నేను సీసా మీద చీటీ అంటించడం చూస్తున్నాడు. మరి నీదెప్పుడు చెప్తవని అడిగాడు. రెండు వారాల తర్వాత ఉత్తరం వస్తుందన్నాను. ఆయన, "రెండు వారాలా సారూ, గప్పటిదాక మేం నీళ్లు తాగకుంట ఉండాల్నా?" అని అడిగి, జవాబు కోసం ఆగకుండా అటువైపు పోయి గుంపులో కలిశాడు.

డోర్నకల్ దగ్గర ఇంకా నయం, నాకూ ఒక పని దొరికింది. ఎండకు తెర కనిపించడం లేదని ఒక రైల్వే పెద్దమనిషి నా చేతికి గొడుగు ఇచ్చి, చుక్కల సారు పెట్టె మీద పట్టుకొమ్మన్నాడు. పట్టుకున్నాను. అతనికి కుర్చీ, చాయ్, బిస్కట్లు వచ్చాయి. నేను గొడుగుతో నిలబడి ఉన్నాను కాబట్టి చాయ్ ఇవ్వడానికి చెయ్యి ఖాళీ లేదని వాళ్లు అనుకున్నారు. తిరుగు దారిలో చాచా నన్ను అద్దంలో చూసి, "సాబ్, జర నవ్వుండ్రి. జీపు గూడ పరేషాన్ అవుతుంది," అన్నాడు. ఆ రాత్రి డైరీలో గొడుగు రంగు కూడా రాశాను.

ఇక అసలు కథ. భూపాలపల్లి దాటి కాటారం వైపు, అడవి అంచున ఒక ఊరు. (అప్పట్లో ఈ ఊళ్లన్నీ ఏ ఏ జిల్లాల కింద ఉండేవో చెప్తే ఇప్పటి పిల్లలు నమ్మరు, ఆ చర్చ ఇక్కడ వద్దు.) ఊరి నడుమ ఒకే ఒక మంచి బోరింగు. అది కాకుంటే వాగు దాటిపోయి ఇంకో బోరింగు నుంచి మోసుకోవాలి. పెద్దసారు ఆజ్ఞ ఏమిటంటే, పెట్టె ఎక్కడ 'ఎక్కువ' అంటే అక్కడ వెంటనే బోరింగుకు ఎర్ర రంగు పూసి, కొట్టే చెయ్యి ఊడదీయాలి. నా పాదరసం పరీక్షలో కూడా తేలాకే తుది నిర్ణయం. అందుకని మా వెంట పానా, రంగు డబ్బా పట్టుకుని ఒక మెకానిక్కు కూడా వచ్చేవాడు.

చుక్కల సారు పేరు మాకంటే ముందే ఆ ఊరికి చేరింది. జీపు దిగనిచ్చారు, బోరింగు దాకా నడవనివ్వలేదు. వేపచెట్టు కింద మంచం వేసి కూర్చోబెట్టి, పెట్టె తెరవమన్నారు. ఊరంతా పెద్దవ్వ అని పిలిచే ఒక ముసలావిడ వచ్చి, ఇంత దూరం వచ్చినవు, బురదల ఎందుకు నడుస్తవు, సీసా ఇటియ్యి బిడ్డా, నీళ్లు మేం పట్టిస్తం అంది. చుట్టూ ముప్పై మంది ప్రశ్నలు అడుగుతున్నారు. అతను ఒకరికి జవాబు చెప్తూనే సీసా ఆమె చేతికి ఇచ్చేశాడు. నేను మాత్రం ఎవరూ పిలవలేదు కాబట్టి నియమం ప్రకారం బోరింగు దగ్గరికి పోయాను. గొట్టంలో నిలవ ఉన్న నీళ్లు పోవడానికి నలభైసార్లు కొట్టి, నలభై ఒకటో దెబ్బకు నా సీసా నింపుకున్నాను. తిరిగి వస్తూ పెద్దవ్వ వాకిలి ముందు నుంచి నడిచాను.

వాకిట్లో గద్దె మీద ఒక రాగి బిందె ఉంది. నేను అంతగా మెరిసే రాగిని అంతకు ముందు చూడలేదు, తర్వాత చూడలేదు. పక్కనే తోమిన చింతపండు పిప్పి ఇంకా తడిగా ఉంది. అతిథి కోసం తెల్లవారుజామునే బిందెను చింతపండు, ఉప్పు వేసి తోమి, బోరింగు నీళ్లు నింపి, మూత పెట్టి ఉంచారన్నమాట. పెద్ద అతిథికి ఉత్త బోరింగు దగ్గర పట్టిన నీళ్లు ఇస్తే ఇంటికి మర్యాద కాదు. ఆమె ఆ బిందెలోంచి చెంబుతో ముంచి చుక్కల సారు సీసాలోకి పోస్తోంది. పులుపుతో తోమిన రాగిలో పొద్దుటి నుంచి నిలవున్న నీళ్లు. ఆవగింజంత రాగిని పట్టే పెట్టెకు అవి పెడితే ఏమవుతుందో ఈ దేశంలో నాకంటే బాగా తెలిసినవాడు ఆ సమయానికి ఆ వాకిట్లో లేడు. ఆమె తలెత్తి నన్ను చూసి నవ్వింది. నేనూ నవ్వాను. నవ్వి, నా సీసా జేబులో పెట్టుకుని, జీపు దగ్గరికి పోయి నిలబడ్డాను.

పెట్టెలో రాగి గుట్ట తెర పైఅంచు దాటిపోయింది. అతను కంగారుపడి పలకను కడిగి మళ్లీ చూశాడు. అదే సీసా, అవే నీళ్లు, అదే గుట్ట. అతని మొహం వాడిపోయింది. ఊరివాళ్లకు ఏం చెప్పాలో తెలియక, ఇంకో పరీక్ష అయ్యేదాకా ఈ నీళ్లు తాగొద్దన్నాడు. మెకానిక్కు ఎర్ర రంగు పూసి, పానాతో చెయ్యి ఊడదీసి జీపులో వేశాడు. ఆడవాళ్లు వాగు వైపు ఒకసారి చూశారంతే. నేను నా లోపల ఒక చిన్న లెక్క వేసుకుంటున్నాను. నా సీసాలోవి అసలు బోరింగు నీళ్లు. నా పరీక్షలో రాగి ఉండదు. పెట్టె తప్పు చెప్పిందని తేలుతుంది. పాదరసం గది నిలుస్తుంది. నేను ఒక్క అబద్ధం ఆడనక్కర్లేదు, ఊరికే ఉంటే చాలు.

ఇక్కడ నా పద్ధతి నాకు బాగా కలిసొచ్చింది. ఆ ఊరి సీసా వరసలో నలభై ఒకటోది. నేను అప్పటికి పన్నెండో సీసా దగ్గర ఉన్నాను. కావాలంటే మర్నాడే చేయొచ్చు, ఒక పూట పని. కానీ వరస తప్పకూడదు కదా. చుక్కల సారు రోజుకు రెండుసార్లు వచ్చి, అన్నా, ఆ ఊరి సీసా ఒక్కటి ముందు చూడరాదే అని బతిమాలాడు. అతనికి గెలుపు ఓటముల పట్టింపు లేదు, ఆ ఆడవాళ్లు నీళ్లు ఎక్కడి నుంచి తెస్తున్నారో అని బెంగ. నేను 'నిదానముగా నడువుడి' అన్న చీటీ వైపు చూపించాను. డైరీలో ఆ రోజుల్లో ఒక్కో వాక్యమే ఉంది: పదమూడు, పద్నాలుగు, పదిహేను పూర్తి. వాగు సంగతి ఎక్కడా లేదు. రాయనిది ఏమిటో రాసినవాడికి తెలుస్తుంది.

ఆరో రోజు పగలు పెద్దవ్వ జనగామలో మా ఆఫీసు మెట్లెక్కింది. రెండు బస్సులు మారి వచ్చింది. ఆనాడు చుక్కల సారు అక్కడ మరిచిపోయిన ఖాళీ సీసా ఒకటి ఆమె కొంగులో ఉంది, ఇప్పుడు నిండుగా. పెద్దసారు గదిలో అందరం ఉన్నాం, చాచాతో సహా. ఆమె సీసాను బల్ల మీద పెట్టి, చుక్కల సారుతో అంది: "గా దినం మేం సక్కగ పట్టలేదేమో బిడ్డా. చెయ్యి తియ్యకముందు కోడలు కుండెడు నీళ్లు పట్టింది. తాగకుంట దాసిపెట్టినం. ఇగో, ఈసారి ఇంక మంచిగ పట్టి తెచ్చిన. ఒక్కపారి మల్ల చూడు."

అతను అప్పటికే పెట్టె తెరుస్తున్నాడు. నేను ఆ సీసాను చూస్తున్నాను. ఇంకా మంచిగ పట్టింది అంటే ఇంకా గట్టిగా తోమింది అని నాకు అర్థమైంది. ఈసారి గుట్ట తెరనే కాదు, కప్పును దాటుతుంది. పెద్దసారు ఆ బోరింగును పూడ్పించేస్తారు. నేను మళ్లీ చేయాల్సింది ఊరికే ఉండటమే. అది నాకు బాగా అలవాటైన పని కూడా. కానీ ఆమె ఆ సీసాను రెండు బస్సుల్లో ఒళ్లో పెట్టుకుని తెచ్చిన తీరు చూశాక నోరు దానంతటదే తెరుచుకుంది. "అవ్వా, గీ నీళ్లు దేంట్ల ఉంచి పట్టినవ్?" అని అడిగాను.

ఆమెకు ఆ ప్రశ్న నచ్చింది. మా అత్త ఇచ్చిన రాగి బిందెల, రెండుసార్లు చింతపండు పెట్టి తోమి, రాత్రంతా ఉంచి తెచ్చిన అంది. చుక్కల సారు చేతిలోని పలక బల్ల మీద పెట్టేసి తల పట్టుకున్నాడు. పెద్దసారు లేచి నిలబడ్డారు. ఒక్క ప్రశ్నతో అసలు సంగతి పట్టినవయ్యా, ఇది కదా కెమిస్టు బుర్ర అని నా భుజం తట్టారు. అతను కూడా, అన్నా, నువ్వు లేకుంటే ఊరి నీళ్లు బంద్ చేసేవాణ్ణి అన్నాడు. నేను తల వంచుకుని, అంతా అనుభవం సార్ అన్నాను. ఎదురుగా గోడ గడియారం ఉంది కాబట్టి చెప్పగలను, ఆ గౌరవాన్ని నేను ఒక నిమిషం పైన కొన్ని సెకన్లు అనుభవించాను. ఉద్యోగ జీవితంలో అంత తీయటి నిమిషం మళ్లీ రాలేదు.

అప్పుడు పెద్దవ్వ, నన్ను మెచ్చుకోవడానికే అనుకుంటాను, అంది: "గీ సారుకు తెలువక ఏంది. గా దినం నేను బిందెలకెళ్లి పోస్తుంటె వాకిట్ల నిలవడి చూసిండు. నవ్విండు గూడ."

చుక్కల సారు మెల్లగా నా వైపు తిరిగాడు.

"చూసినవా అన్నా?"

"చూసిన."

పెద్దసారు నా భుజం మీది చెయ్యి తీసేశారు. పెద్దవ్వకు మాత్రం విషయం అందడానికి కొంత సమయం పట్టింది. అందాక ఆమె గొంతు పెంచలేదు, అదే ఇప్పటికీ గుర్తు. "మా కోడండ్లు గిన్ని దినాలు వాగు దాటి మోసిన్రు బిడ్డా," అంది. "గా నవ్వు ఎందుకు నవ్వినవో గప్పుడే చెప్తే అయిపోతుండె."

ఆ మధ్యాహ్నం నేను నలభై ఒకటో సీసాను వరస తప్పించి పరీక్షించాను. అందరూ నా గదిలో, చెప్పులు విడిచి, ఊపిరి బిగబట్టి నిలబడ్డారు. రాగి దగ్గర గుట్ట చీమల పుట్టంత కూడా లేవలేదు. అదే సీసాలోని నీళ్లు చుక్కల సారు తన పెట్టెలో చూశాడు. నా ఫలితమూ అతని ఫలితమూ అచ్చం ఒక్కటే. పెట్టె ఎప్పుడూ తప్పు చెప్పలేదు, ఇచ్చిన నీళ్ల సంగతి ఉన్నదున్నట్టు చెప్పిందంతే. అంటే నా గదికి తాళం ఖాయమైంది. నేను తిట్ల కోసం సిద్ధంగా నిలబడి ఉంటే, అతను పెద్దసారుతో, తప్పు నాది సార్, మంది మెచ్చుకుంటుంటే మురిసిపోయి సీసా ఇంకొకరి చేతికి ఇచ్చిన, ఈ అన్న గనుక బోరింగు కాడ పట్టకపోతే మనకు అసలు నీళ్లు దొరికేవే కావు అన్నాడు. తిడితే తట్టుకునేవాణ్ణి. దీనికి ఏం చేయాలో నాకు తెలియలేదు.

మర్నాడు బోరింగు చెయ్యిని ఒళ్లో పెట్టుకుని జీపులో నేనే పోయాను. మెకానిక్కు దాన్ని బిగించగానే ఆడవాళ్లు కడవలు, బిందెలు, బకెట్లు వరసగా పెట్టారు. ఎవరూ కొట్టడానికి ముందుకు రాలేదు. పెద్దవ్వ నన్ను చూసి, ఇన్ని దినాల నీళ్లు ఇయ్యాల నువ్వే కొట్టాలె సారూ అంది. కొట్టాను. అలవాటు కొద్దీ లోపల ఒకటి, రెండు, మూడు అని మొదలైంది, పెదాలు కదిలాయి కాబోలు. ఒక కోడలు కడవ ఎత్తుకుంటూ, "లెక్కవెట్టకు సారూ, కొట్టు," అంది. అందరూ నవ్వారు. అరచేతులు పొక్కాయి. నా జీవితంలో లెక్కపెట్టకుండా చేసిన పని బహుశా అదొక్కటే, అందుకని ఎన్ని కొట్టానో చెప్పలేను. చాచా జీపు బానెట్ మీద కూర్చుని చివరిదాకా చూశాడు. తిరుగు దారిలో మొదటిసారి నన్ను ఏమీ అనలేదు.

పాదరసం గదికి తాళం పడింది. నేను బ్లీచింగ్ పౌడర్ దగ్గరికి పోవాల్సినవాణ్ణి పోలేదు. నీళ్లు పట్టే పని అన్నకే ఇవ్వాలని చుక్కల సారు పట్టుబట్టాడు. తర్వాత సర్వే పూర్తయ్యేదాకా నేను బోరింగు కొట్టి సీసా నింపితే, అతను మంచం మీద కూర్చుని ఫలితం చెప్పేవాడు. చాయ్ అతనికే వచ్చేది. సగం నాకు పోసేవాడు.

ఆ తర్వాత మేం పెద్దగా కలుసుకోలేదు. నిరుడు మహబూబాబాద్‌లో ఒక కాలేజీలో అతను మాట్లాడతాడని తెలిసి రైలెక్కి పోయాను. జుట్టు నెరిసింది, పెద్ద ప్రొఫెసరు. ఇప్పుడు అతని పలక బియ్యపు గింజంత అయింది, పెట్టె పోయి ఫోనుకే తగిలిస్తున్నాడు. పిల్లలు చుట్టూ మూగారు, అప్పటి ఊళ్లలాగే. వెనక వరసలో ఉన్న నన్ను గుర్తుపట్టి, వేదిక మీదికి పిలిచి, మైకులో అన్నాడు: "యంత్రం సంగతి నాకు తెలుసు. నీళ్లు పట్టుడు మాత్రం ఈ అన్న దగ్గర నేర్చుకున్న." చప్పట్లు కొట్టారు. బిందె సంగతి, నవ్వు సంగతి, ఒక్క మాట కూడా ఎత్తలేదు.

తిరుగు రైల్లో కిటికీ పక్కన కూర్చుని, ఇంత మందిలో నన్ను అంత పెద్దవాణ్ణి చేసిన ఆ మాట మీద కుళ్లుకోవడం మొదలుపెట్టాను. అతని మంచితనం గురించి అలాంటి మాట ముందు నేను అనాల్సింది. ముప్పై ఏళ్లుగా నా దగ్గరే ఉంది, మైకు కూడా నా చేతిలోనే పెట్టాడు. నేనేమో ధన్యవాదాలు చెప్పి, టైము మించకుండా కూర్చున్నాను. మళ్లీ అతనే గెలిచాడు. అరవై దగ్గర పడుతున్నా మంచితనంలో కూడా ఒకడు నాకంటే ముందుంటే ఓర్చుకోలేకపోతున్నానే అనుకుంటూ కాజీపేట దాటాను. ఎదురుగా కూర్చున్నాయన చాలాసేపు చూసి, "ఏంది సార్, ఒక్కరే నవ్వుకుంటున్నరు?" అని అడిగాడు. ఆయన అడిగేదాకా నేను నవ్వుతున్నానని నాకు తెలియదు. ఈసారి ఎందుకు నవ్వుతున్నానో అప్పటికప్పుడే చెప్పేశాను. జనగామ వచ్చేదాకా పట్టింది.